సారెతో వెళ్లిన ఊయల

నేను ఒక గవ్వల చెక్కను. జానెడు పొడవు, అరచేయంత వెడల్పు, పనసకర్ర ఒళ్లు. బెల్లం పాకంలో మునిగి తేలే గవ్వల వీపు మీద మీరు చూసే సన్నని చారలు నావే. మెచ్చుకోళ్లు మాత్రం పాకానికి వెళ్తాయి.

నా కథ ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తే, సామర్లకోటలో మా ఇంట్లో నా గురించే జరిగిన ఒక గొడవ కనిపిస్తోంది. ఆ రోజు భోజనాల బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాను. గొడవ అప్పటికే బాగా ముదిరి, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేని దశకు వచ్చింది. విషయం చిన్నదే. ఇంటి కూతురు నీరజ పురిటికి వచ్చి, ఆడపిల్లను కని, ఇప్పుడు పాపను తీసుకుని మండపేటలోని అత్తవారింటికి వెళ్లబోతోంది. బిడ్డతో వెళ్లే కూతురి వెంట పుట్టింటివాళ్లు సారె పంపాలి. దాన్ని అక్కడ వీధి వీధంతా ఇంటికో పొట్లం చొప్పున పంచుతారు. ఆ పొట్లంలో తన చేతి గవ్వలు ఉండాలని, పొట్లానికి తాను వేసిన బొమ్మ కార్డు కట్టి ఉండాలని నీరజ తల్లి వీరవేణి పట్టు. వద్దని మిగతావాళ్ల పట్టు.

కోడలు హేమ ముందు ఎండల గురించి చెప్పింది. తర్వాత అత్తగారి బీపీ గురించి, నూనె సెగ గురించి, ఈ మధ్య దొరుకుతున్న మైదా గురించి చెప్పింది. కొడుకు తాతాజీ, స్వీటు షాపులో చెప్పేస్తే డబ్బాల్లో సర్ది రిబ్బను కట్టి మరీ ఇస్తారన్నాడు.

“రిబ్బను మనం కట్టలేమా?” అంది వీరవేణి.

“రిబ్బను సంగతి కాదమ్మా. ఆ వీధిలోవాళ్లు మామూలోళ్లు కాదు. గవ్వని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి గాని నోట్లో ఏసుకోరు.”

“తిప్పి చూడ్డానికే కదరా దానికి గీతలెట్టేది.”

లోపలి గదిలో పాపకు పాలిస్తున్న నీరజ, తనకు అమ్మ చేసినవే కావాలని కేకేసింది. ఒక్క క్షణం ఆగి, “అమ్మ ఓపికని బట్టి” అని కలిపింది. ఆ రెండో మాటతో మొదటి మాట చచ్చిపోయింది.

ఇంటి యజమాని గంగాధరం ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ గొడవ జరిగినా, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు బస్సును పక్కకు తీసినట్టు, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు జరుగుతాడు. ఆ రోజు మాత్రం పేపరు దించి, “చెయ్యనివ్వండర్రా. అందరం తలో చెయ్యీ వేద్దాం” అన్నాడు.

చెయ్యి అన్న మాట వినబడగానే అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఎండలనీ మైదా అనీ వాళ్లు అంతసేపూ చుట్టూ తిరుగుతున్నది ఆ మాట చుట్టూనే. వీరవేణి తన కుడిచేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకుని పైన ఎడమచెయ్యి వేసింది. ఎవరూ చూడలేదన్నట్టు అందరూ ఎటో చూశారు. గొడవ అక్కడితో ముగిసింది. వీరవేణి గెలిచింది. గెలిచినట్టు నాకైతే అనిపించలేదు.

ఆ చెయ్యి గురించి చెప్పాలంటే నా పుట్టుక నుంచి రావాలి.

నన్ను చేయించింది వీరవేణి అత్తగారు బుల్లెమ్మ. మంచం పట్టె విరిగితే బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగిని, మిగిలిన పనస ముక్కతో ఒక గవ్వల చెక్క చెక్కిపెట్టమంది. ఆయన మంచివాడే గాని కబుర్ల మనిషి. బుల్లెమ్మగారి గేదె ఈనడం గురించి అడుగుతూ అడుగుతూ నా మీద గీతలు దింపాడు. గేదె కష్టపడి ఈనిందట. నా గీతలూ అలాగే మెలికలు తిరిగాయి. బుల్లెమ్మ చూసి, “ఇవేంటి బాబూ, వానపాముల్లాగ?” అంది. ఆయన నన్ను బోర్లించి, ఈసారి నోరు మూసుకుని రెండో వైపు గీతలు చెక్కాడు. అవి దువ్వెన పళ్లలా తిన్నగా వచ్చాయి. అలా నాకు రెండు ముఖాలు. తిన్నని ముఖం పిండికి. వంకర ముఖం ఎందుకూ పనికిరాదని చాలాకాలం అందరూ అనుకున్నారు, నేను కూడా.

గవ్వ ఎలా పుడుతుందో చూశారా? శనగగింజంత పిండి ముద్దను నా మీద పెట్టి, బొటనవేలితో అదిమి, అదిమిన వేలిని అలాగే ముందుకు తోయాలి. అదమడం ఎక్కువైతే పిండి నాకు అతుక్కుంటుంది. తక్కువైతే ముడుచుకోదు. సరిగ్గా పడితే పిండి తనంతట తానే చుట్టుకుని, వీపు మీద నా చారలు వేసుకుని, అవతల పళ్లెంలోకి దొర్లుతుంది. ఆ తోపు మాటలతో నేర్పేది కాదు. అందుకే నాకు మనుషులు ముఖాలతో కాదు, బొటనవేళ్లతో గుర్తు. బుల్లెమ్మది రాయిలాంటి వేలు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన వీరవేణిది మెత్తని వేలు, కాని లోపల పట్టుంది. మొదటి రోజే నాకు తెలిసిపోయింది, ఈ వేలు పిండి ఒక్కటే కాకుండా ఇంకేదో పట్టుకోవడానికి అలవాటుపడిందని.

అది కుంచె. పుట్టింట్లో క్యాలెండరు బొమ్మలు చూసి వేసేదట. అత్తవారింట్లో బొమ్మలెవరడుగుతారు? అడిగే రోజు కూడా వచ్చింది. బుల్లెమ్మ చెల్లెలు చిట్టెమ్మ యానాంలో ఉండేది. అక్కచెల్లెళ్లిద్దరికీ అక్షరం ముక్క రాదు. ఉత్తరం రాయిస్తే అక్కడ చదివిపెట్టేది చిట్టెమ్మ అల్లుడు. అల్లుడి నోటితో అక్క మోకాళ్ల నొప్పులు వినడం చిట్టెమ్మకు నామోషీ. గవ్వలు పంపుతూ, “నా సంగతులు దానికి తెలిసేదెలాగే కోడలా?” అని బుల్లెమ్మ వాపోతే, వీరవేణి ఒక పాత పెళ్లి శుభలేఖను చింపి, వెనక తెల్లటి వైపు బొమ్మ గీసింది. కారుతున్న పెంకుల కప్పు, కింద గిన్నె. ఈనిన గేదె. మోకాలికి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న బుల్లెమ్మ, ముక్కు కాస్త పెద్దదిగా. చివర యానాం గోదారి వెయ్యాలి. అది కుంచెకు లొంగలేదు. అటూ ఇటూ చూసి, బట్టలకు పెట్టే నీలిమందు తడిపి నా వంకర ముఖానికి పూసి, కార్డు అడుగున అద్దింది.

తినే వస్తువుకు నీలిమందు పూశావా అని బుల్లెమ్మ ఇల్లు పీకి పందిరేసింది. నన్ను చింతపండు పెట్టి తోమించింది. తర్వాత కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లకు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. “ఇది గోదారే” అంది. వారం తిరక్కుండా యానాం నుంచి మోకాళ్లకు రాసుకునే నూనె సీసా వచ్చింది. దానితోపాటు గేదెకు కట్టమని ఒక గంట. చిట్టెమ్మ ఒక్క సంగతి కూడా వదలకుండా చదివిందన్నమాట.

అప్పటి నుంచి మా ఇంట్లో అదొక ఆనవాయితీ అయింది. చిట్టెమ్మ పోయింది, బుల్లెమ్మ పోయింది, తర్వాతివాళ్లందరూ బళ్లోకి వెళ్లి చదువుకున్నారు. అయినా వీరవేణి కార్డుల మీద అక్షరం ఉండదు. పుట్టినరోజైనా, పరీక్ష పాసైనా, జ్వరం తగ్గినా, ఒక డబ్బాలో గవ్వలు, పైన ఒక బొమ్మ కార్డు, అడుగున నా వంకర ముఖం అచ్చు. అది ఒకసారి నది, ఒకసారి దుక్కి దున్నిన చేను, ఒకసారి వాన. మనుషులు ఇంతింత ఉత్తరాలు రాసుకుని చివరికి చెప్పాలనుకున్నది తప్ప అన్నీ చెప్పుకుంటారు. ఆ కార్డుల్లో దాచడానికి చోటుండేది కాదు.

ఆ వేలు మారడం మొదట తెలిసింది నాకే. గట్టిగా అదిమి తోసే చోట, తోపు మధ్యలో చిన్న అదురు. రైలు దూరంగా వెళ్తుంటే కిటికీ ఊచ అదిరినట్టు. ముద్ద జారి పక్కకు పోయింది. “పిండి జోరైంది” అని వీరవేణి తనలో తాను అనుకుంది. మరోసారి పిండి గట్టిగా కలిపింది. అప్పుడూ జారింది. మైదా మంచిది కాదంది. కొన్నాళ్లకు పిండినీ మైదానూ తిట్టడం మానేసింది. కుంచె పట్టినప్పుడు కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చింది గాని, బీపీ మందులు మార్చారని ఇంట్లో చెప్పింది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే, చలిగా ఉందంది. సామర్లకోటలో, మే నెలలో.

ఇంట్లోవాళ్లు నమ్మలేదు. నమ్మలేదని చెప్పనూ లేదు. ఆమె దాచింది, వాళ్లు చూడనట్టు దాచారు. ఇద్దరూ దాస్తున్నది ఒకే వస్తువును. ప్రేమ ఉన్నచోట ఇంత దొంగతనం ఎందుకో నాకు అర్థం కాదు. నేను చెక్కను.

సారె పని మొదలైంది. వీరవేణి బల్ల దగ్గర కూర్చుని నా మీద ఒక్కో ముద్దా పెట్టి అదిమేది. కొన్ని గవ్వలయ్యేవి. చాలా మటుకు సగం ముడుచుకుని, నోరు తెరుచుకున్నట్టు ఉండేవి. పళ్లెం నిండగానే హేమ వచ్చి, “నేను వేయించేస్తానండీ అత్తయ్యగారూ, మీరు సెగకి రాకండి” అని పట్టుకుపోయేది. వంటింట్లో ఆ పళ్లెం గట్టు మీదకు వెళ్లిపోయేది. మూకుట్లోకి వెళ్లేవి హేమ అప్పటికే చేసి పెట్టుకున్న గవ్వలు. దేని మీద చేసిందంటారు? ఫోర్కు మీద. ఫోర్కు వెనకవైపు పిండి రుద్దితే గవ్వలు వస్తాయని ఫోనులో చూసి నేర్చుకుందట. నాలుగంటే నాలుగే గీతలు. అయినా గవ్వలు ఒకే అచ్చుగా, అందంగా వచ్చాయి. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కాని హేమ ఆ పని చేస్తూ ముక్కు ఎగబీల్చుకోవడం నాకు వినబడుతూనే ఉంది.

వీరవేణి గవ్వలు ఏమయ్యాయంటే, అవీ వేగాయి, పాకంలో పడ్డాయి, ఒక పాత డబ్బాలోకి చేరి బీరువా పైకెక్కాయి. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే చాటుగా వెళ్లి తిన్నారు. గంగాధరం పేపరు వెనక పెట్టుకుని తిన్నాడు. అందరికీ అవే నచ్చాయి.

కార్డుల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. వీరవేణి శుభలేఖలు కత్తిరించి, పాపను వెయ్యడం మొదలుపెట్టింది. పిడికిలి బిగించి, బొటనవేలు నోటి దాకా తెచ్చి పెట్టుకోలేక ఏడవబోతున్న పాప. ఒక్క కార్డుకు ఒక పూట పట్టింది. గీతలు చీమల బారులా మెలికలు పడ్డాయి. బుగ్గ ఒకచోట రెండు గీతలైంది. దగ్గరకు వచ్చి చూసిన తాతాజీ, “బాగుందమ్మా” అని, బాగున్నవాటిని చూసినంతసేపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆమె నడుం వాల్చినప్పుడు వాడు మళ్లీ వచ్చాడు. తాతాజీ చెడ్డవాడు కాదు. ఆ వీధిలో ఎవరో ఆ కార్డు చూసి, పెద్దావిడకి ఏమైంది అని అడుగుతారని, ఆ మాట తన తల్లి దాకా వస్తుందని వాడి భయం. ట్రంకు పెట్టె తెచ్చి బల్ల మీద, నా పక్కనే తెరిచాడు. ఆమె పాత కార్డులు, తిరిగి ఇంటికి చేరినవి, పంపక మిగిలినవి, అందులో ఉంటాయి. ఒక్కోటి తీస్తూ, పెడుతూ, అడుగునున్న ఒక కార్డు దగ్గర ఆగిపోయాడు. “హేమా, ఇలా రా. దీనికోసమే దాచినట్టుంది చూడు” అన్నాడు.

చెట్టుకొమ్మకు కట్టిన చీర ఊయల. ఆకు ఆకూ వేసింది. చీర అంచు మీద నెమళ్లు కూడా కనబడుతున్నాయి. అడుగున నీలంగా నా వంకర ముఖం. గీత గీతా సాఫీగా, ఊపిరి బిగబట్టి వేసినట్టుంది. హేమ చూసి, పాప సారెకి ఊయల కంటే ఇంకేం కావాలి అంది. ఫోనులో ఫోటో తీసి, మెరిసే కాగితం మీద ఎన్ని కావాలంటే అన్ని అచ్చువేయిద్దామని, అత్తయ్యగారి బొమ్మే కాబట్టి మోసం కూడా కాదని ఇద్దరూ అనుకున్నారు.

ఆ బొమ్మ వేసిన రోజు నాకు తెలుసు. తాతాజీకి ముందు వీరవేణికి ఒక పాప పుట్టింది. బారసాల కూడా కాకుండానే పోయింది. గంగాధరం అప్పుడు బస్సు మీద దూరపు డ్యూటీలో ఉన్నాడు. యానాంలో చిట్టెమ్మకు తెలియజేయాలి. నోటితో చెప్పడానికి వీరవేణికి మాట పెగల్లేదు. కాగితం తీసుకుంది. బిడ్డ ఉన్న ఊయల ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. బరువుకు చీర కిందికి సాగి, మధ్యలో గుండ్రంగా నిండి, అంచులు విచ్చుకుని ఉంటాయి. ఆ బొమ్మలో చీర సాగలేదు. అంచులు రెండూ దగ్గరకు చేరి, పెదవులు మూసుకున్నట్టు, ముడుచుకుని వేలాడుతోంది. ఒక్క కొమ్మ కూడా వంగలేదు. అది ఖాళీ ఊయల. నా ముఖానికి నీలం పూసి అద్దినప్పుడు ఆమె వేలు అదరలేదు. అంత నిదానంగా ఆమె మరెప్పుడూ నన్ను పట్టుకోలేదు. బుల్లెమ్మ ఆ కార్డు చూసి, “ఇది చూసి చిట్టెమ్మ తట్టుకోలేదే తల్లీ” అని పెట్టె అడుగున పెట్టేసింది. కబురు మనిషి చేత పంపింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పాప మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లలకు చెప్పనూ లేదు.

తాతాజీకి అక్షరాలొచ్చు. రెండు డిగ్రీలున్నాయి. అమ్మ బొమ్మలు చదువుకుంటూ పెరిగినవాడే. కాని ఊయల ఊయలే కదా అనుకున్నాడు.

పనసకర్ర ఎండకు అప్పుడప్పుడూ చిటుక్కుమంటుంది. అలా ఒక్క చప్పుడు చేసినా వాడు తల తిప్పి చూసేవాడేమో. చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? ఫోను మెరిసింది. నా అచ్చు కూడా ఆ ఫోటోలో పడింది. బొమ్మలో సగం నాదే, చెప్పే నోరు మాత్రం నాకు లేదు.

సారె కారెక్కింది. కారులో చోటు చాలక వీరవేణి, గంగాధరం, హేమ ఇంట్లో ఉండిపోయారు. తాను వేసిన కార్డుల కట్టను వీరవేణి స్వయంగా సంచిలో పెట్టి ఇచ్చింది. దారిలో తాతాజీ ఆ కట్టను డిక్కీలో అడుక్కి తోసి, అచ్చు కార్డులు తీసుకుని, మండపేట వెళ్లాక పొట్లాలకు కట్టించాడు. ఇవన్నీ తర్వాత వాడే చెప్పగా విన్నాను.

మర్నాడు సాయంత్రం, తాతాజీ తిరిగొచ్చాక అందరూ టీలు తాగుతుండగా, నీరజ వీడియో కాల్ చేసింది. ముఖమంతా వెలుగు. వీధంతా పంచేశామని, గవ్వలు కరకరలాడుతున్నాయని అందరూ అన్నారని చెప్పింది. “నీ కార్డుల గురించి చెప్పలేనే అమ్మా. ఎదురింటావిడ ఇంకోటి అడిగి పట్టికెళ్లింది. మా అత్తగారైతే దేవుడి గది తలుపుకి అంటించేశారు. ఉండు చూపిస్తా.”

ఫోను కదిలింది. తలుపు కనబడింది. తలుపు మీద, నిగనిగలాడుతూ, ఊయల.

వీరవేణి ఫోను దగ్గరకు తీసుకుంది. ఆమె చెయ్యి అదురుతోందో, ఫోనే అదురుతోందో తెలియనంతగా బొమ్మ కదిలింది.

“ఇంకోసారి చూపించమ్మా” అంది. నీరజ చూపించింది. “పాపేది?”

“నిద్రపోతోంది. చూడు.”

వీరవేణి నిద్రపోతున్న పాపను చాలాసేపు చూసింది. పొట్ట లేచి పడుతోందా లేదా అని చూస్తున్నట్టు చూసింది. తర్వాత, గుమ్మంలో దిష్టి తియ్యమని, సాయంత్రాలు బయట తిప్పొద్దని చెప్పి ఫోను హేమకిచ్చింది.

తిడుతుందనుకున్నారు. తిడితే బాగుండునని వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తోంది. తాతాజీయే మొదలుపెట్టాడు. అదీ నువ్వు వేసిన బొమ్మేనని, నీకు శ్రమ తగ్గుతుందనుకున్నామని, అందరికీ నచ్చిందని ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయాడు. హేమ మధ్యలో ఏడ్చేసింది. ఇన్నాళ్లుగా ఎవరూ అనని మాట ఆమె నోటి నుంచే వచ్చింది.

“మీ చెయ్యి వణుకుతోందండి అత్తయ్యగారూ. వాళ్లెవరో ఏదో అంటే మేం పడలేమండి.”

“తెలుసే. నా చెయ్యి నాకు తెలీదా” అంది వీరవేణి. గొంతులో కోపం లేదు.

మిగిలిన అచ్చు కార్డు ఒకటి టీ గ్లాసుల పక్కన ఉంది. గంగాధరం అద్దాలు పెట్టుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ బొమ్మ అసలును ఆయన ఎన్నడూ చూడలేదు. చెట్టును చూశాడు, ఆకుల్ని చూశాడు. చీర అంచు మీద నెమళ్ల దగ్గర ఆగాడు. పెళ్లైన కొత్తలో ఆ చీర కొని తెచ్చింది ఆయనే. దానితోనే ఒక పాపకు ఊయల కట్టిందీ ఆయనే. ముడుచుకున్న ఆ అంచుల మీద ఆయన చూపు కాసేపు నిలిచింది. మెల్లగా తలెత్తి భార్య వంక చూశాడు. వీరవేణి, పిల్లలకు కనబడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన కార్డును బోర్లించి బల్ల మీద పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

చెప్తే ఏమవుతుంది? పచ్చి బాలింత గుండెలో రాయి పడుతుంది. అత్తవారు తలుపు మీది బొమ్మ పీకి పారేస్తారు. వీధిలో నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అంటాయి. కొడుకూ కోడలూ బతికినంతకాలం తమను తాము తిట్టుకుంటారు. చెప్పకపోతే, పసిపిల్ల ఉన్న ఇంటి చుట్టూ, ఇంటింటి గోడ మీదా ఖాళీ ఊయల వేలాడుతూ ఉంటుంది. ఏ దారీ లేని చోట మనుషులు వంట చేసుకుంటారు. వీరవేణి లేచి రాత్రి వంటకు బియ్యం కడిగింది.

మర్నాడు పొద్దున్న ఆమె బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. నన్ను పక్కకు జరిపింది. నీలం తడపలేదు. మిగిలిన అచ్చు కార్డును ముందు పెట్టుకుంది. ఆ మెరిసే కాగితానికి రంగు అంటదు. కుంచె పెడితే చుక్కలు చుక్కలుగా జారిపోయింది. దాన్ని పైట చెంగుతో తుడిచి, ఫోను పక్కనుండే బాల్ పెన్ను తీసుకుంది. ముందు ఊయల అడుగున ఒక గీత. బరువుకు చీర సాగినట్టు. ఆ ఒక్క గీతకు పెన్ను ఎన్నిసార్లు ఎత్తి దించిందో. ఎత్తిన ప్రతిసారీ మొన గాలిలో అదిరింది. తర్వాత అంచు మీద నుంచి పైకి తొంగిచూస్తున్న చిన్న జుట్టు. పక్కన ఒక పిడికిలి. పిడికిలికి అయిదు వేళ్లు కుదరలేదు. ఆ నున్నటి, అందమైన బొమ్మ మధ్యలో ఆ గీతలు, చదువురానివాళ్లు వేలిముద్ర పక్కన ఇంటూ గుర్తు పెట్టినట్టు మొరటుగా ఉన్నాయి. కాని ఊయలలో పాప ఉంది. ఎవరు చూసినా పాప ఉందనే అంటారు.

సాయపడాలని ఉంటుంది నాకు. వేరే ఇళ్లలో మా జాతి వస్తువులకు కాళ్లుంటాయో లేదో తెలియదు, నాకైతే లేవు. ఆమె వేలికి ఆనుకోవడానికి నేను పనికొస్తాను, నిలబెట్టడానికి పనికిరాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. హేమ వడ్డిస్తోంది. తాతాజీ తల వంచుకుని కలుపుకుంటున్నాడు. వీరవేణి తన కంచంలో మజ్జిగ పోయించుకుని, అదేదో కూరలో ఉప్పు సంగతి చెప్తున్నంత నెమ్మదిగా చెప్పింది.

“రేపు పొద్దున్న బస్సుకి మండపేట వెళ్తున్నాను. పొట్లం వెళ్లిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఆ ఊయల్లో పాపను వేసొస్తాను.”

తాతాజీ చెయ్యి కంచంలో ఆగింది. “వాళ్లందరి ముందూనా అమ్మా?” అన్నాడు. మిగతాది అనలేకపోయాడు.

“వాళ్ల ముందే. వణికితే వణుకుతుంది, చూస్తే చూస్తారు.”

గంగాధరం, బస్సులో కుడివైపు సీటైతే ఎండ తగలదని, తాను కూడా వస్తానని అన్నాడు. పెన్నులు రెండు మూడు పెట్టుకోమని హేమ ఏడుపు గొంతుతోనే చెప్పింది. ఇప్పుడు అవసరమేమిటో మాత్రం కొడుకూ కోడలూ అడగలేదు. అడిగే ధైర్యం వాళ్లకు లేదు.

వీరవేణి కంచం రెండు చేతులతో ఎత్తి మజ్జిగ తాగి, కింద పెట్టి, అందరి వంకా ఒకసారి చూసింది.

“ఎవరైనా అడిగితే, వేసేటప్పుడు పాపను మరిచిపోయానని చెప్తాను” అంది.